నెట్‌వర్క్ మ్యాప్ టూల్స్ గురించి వచ్చే వార్తలను ఎంతవరకు నమ్మాలి? కాక్టై, వెదర్‌మ్యాప్ పెట్టాలా వద్దా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ బాధ్యత మీది. సాయంత్రమైతే హాస్టల్లో నెట్ నత్తనడక నడుస్తోందని పిల్లల గోల. ఏ లింక్ ఎంత నిండిందో ఒకే బొమ్మలో రంగుల్లో కనిపించేలా ట్రాఫిక్‌ను గ్రాఫులుగా చూపే కాక్టై అనే టూల్ మీద, ఆ అంకెలతో మ్యాప్ గీసే వెదర్‌మ్యాప్ ప్లగిన్ పెడదామని మీరు ప్రతిపాదించారు. ప్రిన్సిపాల్ గారు నెట్‌లో వెతికి మీకు రెండు వార్తలు పంపారు. ఒకటి మంచి ఓపెన్ సోర్స్ మానిటరింగ్ టూల్స్ జాబితా, అందులో కాక్టై గురించి అన్నీ పొగడ్తలే. రెండోది అదే కాక్టై గుండా హ్యాకర్లు సర్వర్లలోకి దూరారన్న వార్త. "రెండిట్లో ఏది నిజమో తేల్చి, పెట్టాలో వద్దో రాసివ్వండి" అన్నారు.

పెట్టండి. ఆ రెండు వార్తల్లోనూ అబద్ధం లేదు. కానీ రెండూ మీ కాలేజీకి కావాల్సిన సంగతి దాకా రాలేదు. చాలా ఏళ్లుగా ఇంటర్నెట్ ప్రొవైడర్ల దగ్గర, క్యాంపస్ నెట్‌వర్కుల దగ్గర ఈ గ్రాఫుల ముందు కూర్చున్నవాడిగా చెబుతున్నాను. ఈ టూల్స్ గురించి వచ్చే వార్త దాదాపు ఎప్పుడూ బొమ్మ దగ్గరో, భయం దగ్గరో ఆగిపోతుంది. బొమ్మలోని అంకె ఎక్కడి నుంచి వచ్చింది, ఆ సర్వర్ ఎవరికి కనిపించే చోట ఉంది అన్న రెండు సంగతులూ ఎవరూ రాయరు. మీరు తేల్చుకోవాల్సినవి మాత్రం అవే.

ముందు భయపెట్టే వార్త సంగతి చూద్దాం, ప్రిన్సిపాల్ గారిని ఆపింది అదే కాబట్టి.

2018 మార్చిలో ట్రెండ్ మైక్రో అనే సెక్యూరిటీ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. కాక్టైతో వాడే వెదర్‌మ్యాప్ ప్లగిన్‌లోని లోపం గుండా దాడి చేసేవాళ్లు లైనక్స్ సర్వర్లలోకి దూరి, మొనేరో అనే క్రిప్టో కరెన్సీని తవ్వే ప్రోగ్రామ్ పెడుతున్నారని అందులో ఉంది. అప్పటికే సుమారు 75 వేల డాలర్ల విలువైన మొనేరో వాళ్ల ఖాతాల్లో చేరిందని లెక్క కట్టారు. దెబ్బతిన్న దేశాల్లో జపాన్, తైవాన్, చైనా, అమెరికాలతోపాటు మన దేశం పేరు కూడా ఉంది. వార్తలు కూడా ఆ కోణంలోనే వచ్చాయి. మానిటరింగ్ టూల్, హ్యాకర్లు, క్రిప్టో, డాలర్లు. ఈ నాలుగు మాటలు ఒక్కచోట పడితే ఏ సైట్ అయినా వేస్తుంది.

అసలు జరిగింది ఏమిటంటే, ఆ లోపం నంబరు సీవీఈ-2013-2618. నంబరులోనే ఏడాది ఉంది చూడండి. వెదర్‌మ్యాప్ 0.97బీ వెర్షన్‌లోనే దాన్ని సరిచేశారు. అంటే దాడి జరిగేనాటికి మందు వచ్చి దాదాపు ఐదేళ్లయింది. మ్యాప్ గీయడానికి వెదర్‌మ్యాప్‌లో ఎడిటర్ అనే వెబ్ పేజీ ఉంటుంది. మ్యాప్‌కు పేరు పెట్టే గడిలో మామూలుగా "మెయిన్ క్యాంపస్" అని రాస్తాం. దాడి చేసినవాళ్లు ఆ గడిలో పీహెచ్‌పీ (వెబ్ సర్వర్ మీద నడిచే ప్రోగ్రామింగ్ భాష) కోడ్ రాసి, ఆ మ్యాప్‌ను పీహెచ్‌పీ ఫైల్ పేరుతో సేవ్ చేశారు. కాన్ఫిగ్ ఫోల్డర్ వెబ్ సర్వర్ కిందే ఉంటుంది కాబట్టి బ్రౌజర్‌లో ఆ ఫైల్ తెరిస్తే చాలు, వాళ్ల కోడ్ నడుస్తుంది. ఆ తర్వాత స్క్రిప్ట్ దింపుకోవడం, దాన్ని క్రాన్‌లో (పనులను వాటంతటవే పదేపదే నడిపే ఏర్పాటు) పెట్టుకోవడం, సీపీయూ మొత్తం మైనింగ్‌కు వాడుకోవడం, అంతా యంత్రం మీద యంత్రం అలా సాగిపోయింది.

ఈ దాడి జరగాలంటే మూడు సంగతులు ఒకేసారి కుదరాలి. పాత వెర్షన్ నడుస్తూ ఉండాలి. ఎడిటర్ తెరిచి ఉండాలి. ఆ సర్వర్ బయటి ఇంటర్నెట్‌కు కనిపించాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా బయటివాడు తలుపు దాకా రాలేడు. కాలేజీ మానిటరింగ్ సర్వర్ బయటి ప్రపంచానికి కనిపించాల్సిన అవసరం ఏ కోశానా లేదు. ప్రిన్సిపాల్ గారికి చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

ఇక ఆయన పంపిన వార్త ఇంకా కొత్తది అయ్యుంటుంది. 2022 డిసెంబరులో కాక్టైలోనే మరో లోపం బయటపడింది, సీవీఈ-2022-46169. తీవ్రత 10కి 9.8. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పాస్‌వర్డ్ లేకుండానే సర్వర్ మీద కమాండ్లు నడపగలిగే లోపం ఇది. కాక్టైకి రిమోట్ ఏజెంట్ అనే పేజీ ఉంది. వేరేచోట నడుస్తూ స్విచ్‌ల నుంచి అంకెలు సేకరించే పోలర్లు దానితో మాట్లాడతాయి. వచ్చిన అభ్యర్థన తెలిసిన పోలర్ దగ్గర్నుంచే వచ్చిందా అని అది ఐపీ చూసి పోల్చుకుంటుంది. కానీ ఆ ఐపీని, బయటివాడు తన ఇష్టం వచ్చినట్టు రాసి పంపగలిగే హెడర్‌లోంచి కూడా తీసుకునేది. కాబట్టి "నేను లోకల్ సర్వర్‌నే" అని హెడర్‌లో రాస్తే నమ్మేసేది. ఆ తర్వాత పోలర్ నంబరు ఇవ్వాల్సిన చోట కమాండ్ ఇస్తే, కొన్ని మామూలు టెంప్లేట్లు వాడుకలో ఉన్న సర్వర్లలో అది నడిచిపోయేది. 1.2.23 వెర్షన్‌లో దీన్ని సరిచేశారు. 2023 జనవరికల్లా దాడులు మొదలయ్యాయి.

ఇక్కడ వార్తలు ఎలా వచ్చాయో కాస్త ఆగి చూడాలి. సెన్సిస్ అనే సంస్థ ఇంటర్నెట్ మొత్తం స్కాన్ చేసి, బయటికి కనిపిస్తున్న కాక్టై సర్వర్లు 6,427 ఉన్నాయని చెప్పింది. ఒక సైట్ దాన్ని, 6,427లో 26 మాత్రమే ప్యాచ్ అయ్యాయి అన్నట్టు రాసింది. ఇంకో సైట్ అదే నివేదిక చూసి, 1,600కు పైగా సర్వర్లకు ముప్పు ఉంది అని శీర్షిక పెట్టింది. రెండూ చదివినవాడికి 6,401 సర్వర్లకు ముప్పా, 1,600కా అని అనుమానం రావడం సహజం. విషయం ఏమిటంటే, అన్ని సర్వర్ల వెర్షన్ బయటి నుంచి తెలియదు. ముప్పు ఉన్న వెర్షన్ అని తేల్చగలిగినవి 1,637. సరిచేసిన వెర్షన్ అని తేల్చగలిగినవి 26. మిగతావి ఏమిటో స్కాన్‌కు అంతుపట్టలేదు. కాబట్టి 26ను 6,427తో భాగించి చదవడం లెక్క ప్రకారం సరైంది కాదు. అయినా పరిస్థితి బాగుందని కాదు. వెర్షన్ తెలిసినంతలో చూసినా సరిచేసుకున్నవాళ్లు గుప్పెడు మందే.

ఇలాంటి అంకె వార్తలో కనిపించినప్పుడల్లా నేను చూసేది కింద ఉన్న మొత్తం ఏమిటి అని. ఎన్నిట్లో ఇన్ని? ఆ మొత్తాన్ని ఎవరు, ఎలా లెక్కపెట్టారు? ఒక్కోసారి వార్త చివరి పేరాలో అది ఉంటుంది. చాలాసార్లు సంస్థ సొంత నివేదిక తెరిస్తే తప్ప కనిపించదు. రెండు నిమిషాల పని, కానీ వార్త అర్థమే మారిపోతుంది.

ఆ 6,427 అంకెలో వార్తలు పట్టించుకోని ఇంకో సంగతి ఉంది. ఇవన్నీ బయటికి కనిపిస్తున్న సర్వర్లు మాత్రమే. వీపీఎన్ వెనకో, లోపలి నెట్‌వర్క్‌లోనో పెట్టుకున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు, ఎందుకంటే స్కాన్‌కు వాళ్లు కనిపించరు. అంటే జాగ్రత్తగా ఉన్నవాళ్ల గురించి ఈ వార్త ఒక్క మాట కూడా చెప్పదు. మీరు చేరాల్సింది ఆ కనిపించని గుంపులో.

గ్రాఫులు చూపే ఇంకో ఓపెన్ సోర్స్ టూల్ గ్రాఫానా గురించి కూడా ఒక మాట అడిగారు, అది వాడితే ఈ తలనొప్పి ఉండదా అని. ఉంటుంది. 2021 డిసెంబరు 7న గ్రాఫానా 8.0 నుంచి 8.3.0 దాకా ఉన్న వెర్షన్లలో ఒక లోపం బయటపడింది, సీవీఈ-2021-43798. ప్లగిన్ ఫైళ్లు ఇచ్చే చిరునామాలో చుక్కలు, గీతలు వరసగా పెట్టుకుంటూ పోతే ఫోల్డర్లు దాటి వెనక్కి వెళ్లి, సర్వర్‌లోని వేరే ఫైళ్లు చదివేయొచ్చు. లాగిన్ అక్కర్లేదు. గ్రాఫానా డేటాబేస్ ఫైల్‌ను కూడా అలాగే లాక్కోవచ్చు. ఆ లోపం వివరాలు ముందే బయటికి పొక్కడంతో అదే రోజు 8.3.1, 8.2.7, 8.1.8, 8.0.7 వెర్షన్లు విడుదల చేశారు. వివరాలు పొక్కిన రోజే నాలుగు వరసలకూ ప్యాచ్ ఇచ్చారు, అది మెచ్చుకోవాల్సిందే.

కానీ సరిగ్గా రెండు మూడు రోజుల్లో, జావా ప్రోగ్రాముల్లో వాడే లాగ్4జే అనే లైబ్రరీలోని లోపం బద్దలైంది. తీవ్రత పదికి పది, సగం ఇంటర్నెట్ దాని మీదే నడుస్తోందన్నట్టు వార్తలు. అప్పుడు టెక్ సైట్లు, టీవీలు, కంపెనీల మెయిళ్లు అన్నీ దాని చుట్టూనే. గ్రాఫానా వార్త వారం తిరక్కుండానే కిందికి జారిపోయింది. "మాది జావా కాదు కదా, గ్రాఫానా గో భాషలో రాసింది, మాకేం భయం లేదు" అని ఊపిరి పీల్చుకున్న టీమ్‌లను నేను చూశాను. లాగ్4జే వరకు వాళ్లన్నది నిజమే. అంతకు మూడు రోజుల ముందు వచ్చిన ప్యాచ్ మాత్రం వేయకుండానే ఉండిపోయారు. వార్తల ప్రాధాన్యం ఎప్పుడూ అందరినీ కలిపి చూసి నిర్ణయమవుతుంది. మీ సర్వర్ ప్రాధాన్యం మీ దగ్గర ఏం నడుస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే వార్తల మీద ఆధారపడి ప్యాచ్‌లు వేయకండి. కాక్టై, వెదర్‌మ్యాప్, ఆర్ఆర్‌డీటూల్ (కాక్టై తన డేటా దాచుకునే టూల్), గ్రాఫానా, ఏది పెట్టుకుంటే దాని గిట్‌హబ్ పేజీలో రిలీజ్ నోటిఫికేషన్లు ఆన్ చేసుకోండి. మెయిల్ నేరుగా మీకే వస్తుంది. మధ్యలో ఏ శీర్షికా ఉండదు.

అదే ఏడాది ఏప్రిల్‌లో గ్రాఫానా లైసెన్స్ మార్చినప్పుడు కూడా చాలా కంగారు వార్తలు వచ్చాయి. అపాచీ 2.0 నుంచి ఏజీపీఎల్ వెర్షన్ 3కు మారింది. అంతకు కొన్ని నెలల ముందే ఇలాస్టిక్ సంస్థ కూడా లైసెన్స్ మార్చడంతో రెండిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడినవాళ్లు ఎక్కువ. ఇలాస్టిక్ వెళ్లింది ఎస్ఎస్‌పీఎల్‌కు, దాన్ని ఓపెన్ సోర్స్ లైసెన్సులకు గుర్తింపు ఇచ్చే ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ గుర్తించలేదు. ఏజీపీఎల్ గుర్తింపు ఉన్న ఓపెన్ సోర్స్ లైసెన్సే. కోడ్ మార్చకుండా కాలేజీలో వాడుకునేవాళ్లకు దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. మీ లీగల్ వాళ్లు అడిగితే ఈ ముక్క చెప్పండి చాలు.

ఇప్పుడు పొగిడే వార్త. నిజం చెప్పాలంటే నాకు దీని మీదే ఎక్కువ బాధ. భయపెట్టే వార్త కనీసం మనిషిని జాగ్రత్త పడేలా చేస్తుంది. "పది మంచి టూల్స్" తరహా వ్యాసం మాత్రం స్క్రీన్‌షాట్ చూపించి, ఇన్‌స్టాల్ చేస్తే నెట్‌వర్క్ మొత్తం కళ్ల ముందు ఉంటుందన్న ధీమా ఇచ్చి వదిలేస్తుంది. ఆ స్క్రీన్‌షాట్‌లో లింక్ పచ్చగా ఉందంటే అది ఎందుకు పచ్చగా ఉందో ఆ వ్యాసం చెప్పదు.

వెదర్‌మ్యాప్‌నే దగ్గరగా చూద్దాం. రెండు స్విచ్‌ల మధ్య గీత గీస్తారు. ఆ గీత రంగు శాతాన్ని బట్టి మారుతుంది. టూల్‌తోపాటు వచ్చే రంగుల వరస ఇలా ఉంటుంది: ఒకటి నుంచి 10 శాతం దాకా ఊదా, 25 దాకా నీలం, 40 దాకా లేత నీలం, 55 దాకా పచ్చ, 70 దాకా పసుపు, 85 దాకా నారింజ, ఆపైన ఎరుపు. ఆ శాతం ఎలా వస్తుంది? కాక్టై సేకరించిన ట్రాఫిక్ అంకెను లింక్ సామర్థ్యంతో భాగిస్తారు. ఆ సామర్థ్యం స్విచ్ నుంచి రాదు, కాన్ఫిగ్ ఫైల్‌లో మీరు రాయాలి. రాయకపోతే 100 ఎంబీపీఎస్ అనుకుంటుంది. ఒక గిగాబిట్ లింక్‌కు ఆ లైన్ రాయడం మర్చిపోతే, 90 ఎంబీపీఎస్ పారుతున్నప్పుడే గీత ఎర్రబడుతుంది. నిజానికి అది తొమ్మిది శాతం. అలా ఎర్రగా కనిపించిన గీతను చూసి కొత్త లింక్ కొనడానికి ఫైల్ కదిలిన సందర్భం నాకు తెలుసు.

ఇది ఎదురుదిక్కున జరిగితే ఇంకా ప్రమాదం. స్విచ్ పోర్ట్ గుండా ఎన్ని బైట్లు పోయాయో ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలను అడిగి అంకెలు తెచ్చుకునే పద్ధతి) కౌంటర్ చెబుతుంది. పాత తరహా కౌంటర్ 32 బిట్లది. అది సుమారు 429 కోట్ల బైట్లు లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఒక గిగాబిట్ లింక్ నిండుగా పారితే 34 సెకన్లకొకసారి అది తిరిగొస్తుంది. కాక్టై మామూలుగా ఐదు నిమిషాలకొకసారి వచ్చి కౌంటర్ చదువుకుంటుంది. మధ్యలో కౌంటర్ ఒక్కసారి తిరిగితే లెక్క సరిచేసుకోగలదు. ఎనిమిదిసార్లు తిరిగితే తెలుసుకునే దారే లేదు. లెక్క వేస్తే, ఐదు నిమిషాల విరామంలో 32 బిట్ల కౌంటర్‌తో చూపించగలిగిన గరిష్ఠ వేగం 114.5 ఎంబీపీఎస్. అంతకు మించింది ఎంత పారినా గ్రాఫ్ ఆ గీత దాటదు, చుట్టు తిరిగి కిందికి వస్తుంది.

దీని ఫలితం మ్యాప్ మీద ఎలా ఉంటుందో చూడండి. లింక్‌లో నిజంగా 900 ఎంబీపీఎస్ పారుతోంది. అందులోంచి ఏడుసార్లు 114.5 పోగా మిగిలేది 98. సామర్థ్యం ఒక గిగాబిట్ అని మీరు సరిగ్గానే రాశారు. కాబట్టి మ్యాప్ లెక్కలో అది పది శాతం లోపే. గీత ఊదా రంగులో ప్రశాంతంగా ఉంటుంది. నిజానికి 90 శాతం నిండి, పిల్లలు తిట్టుకుంటూ ఉంటారు. ప్రిన్సిపాల్ గారు మ్యాప్ చూసి లింక్ ఖాళీగానే ఉంది కదా అంటారు. ఆ మాటకు మీ దగ్గర జవాబు ఉండదు.

మందు చిన్నదే. కాక్టైలో గ్రాఫ్ తయారుచేసేటప్పుడు 64 బిట్ల కౌంటర్ ఉన్న రకం ఎంచుకోవాలి. అది రావాలంటే స్విచ్‌తో ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 1లో మాట్లాడకూడదు, 2సీ గానీ 3 గానీ కావాలి. 20 ఎంబీపీఎస్ దాటిన ఇంటర్‌ఫేస్‌లకు బైట్ల లెక్క 64 బిట్లలో ఉండాలని ప్రమాణ పత్రాల్లోనే ఉంది. ఇప్పటి స్విచ్‌లు దాదాపు అన్నీ ఇస్తాయి. సెట్టింగ్ ఒకటి మార్చడమే. అయినా "పది మంచి టూల్స్" వ్యాసాల్లో ఈ ముక్క రాసినది నా కంట పడలేదు. అందుకే చెబుతున్నాను, ఆ వ్యాసం టూల్ గురించి, మీ గ్రాఫ్ గురించి కాదు.

ఇంకో సంగతి సగటు. ఐదు నిమిషాల అంకె అంటే ఐదు నిమిషాల సగటు. మీ అప్‌లింక్ 300 ఎంబీపీఎస్ అనుకుందాం. అది ఒక నిమిషం పూర్తిగా నిండి, నాలుగు నిమిషాలు ఖాళీగా ఉంటే సగటు 60, అంటే 20 శాతం. గీత నీలం. ఆ ఒక్క నిమిషంలో వీడియో కాల్ తెగిపోయిన విద్యార్థికి మాత్రం నీలం కనిపించలేదు. పైగా డేటా పాతబడేకొద్దీ ఆర్ఆర్‌డీటూల్ దాన్ని ఇంకా పెద్ద ముక్కలుగా సగటు చేసి దాచుకుంటుంది. స్థలం పెరగకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు అది, చాలా తెలివైన ఏర్పాటు కూడా. కానీ గత నెల సాయంత్రాల్లో ఎంత నిండిందో చూపమంటే శిఖరాలన్నీ నునుపై కనిపిస్తాయి. సగటుతోపాటు గరిష్ఠాన్ని కూడా దాచమని ముందే చెప్పి పెట్టుకోవాలి. తర్వాత చెబితే పోయిన డేటా తిరిగి రాదు.

ఈ టూల్స్ ఎక్కడ మొదలయ్యాయో తెలిస్తే వాటి మీద గౌరవం పెరుగుతుంది. 1994లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో డి మాంట్‌ఫర్ట్ యూనివర్సిటీకి బయటి ప్రపంచంతో ఉన్న లింక్ మొత్తం 64 కేబీపీఎస్. అది ఎలా పనిచేస్తోందో తెలుసుకోవాలని అందరికీ ఆత్రం. అక్కడున్న టోబియాస్ ఓటికర్ ఆ లింక్ గ్రాఫ్‌ను వెబ్ పేజీలో చూపే చిన్న స్క్రిప్ట్ రాశారు. అదే పెరిగి 1995లో ఎంఆర్‌టీజీగా బయటికొచ్చింది. డేవ్ రాండ్ అనే ఆయన అందులో నెమ్మదిగా ఉన్న భాగాన్ని సీ భాషలో తిరగరాసి పంపారు. ఓటికర్ తర్వాత జ్యూరిక్‌కు వెళ్లారు, 1999లో ఆర్ఆర్‌డీటూల్ వచ్చింది. 2001లో ఇయాన్ బెర్రీ దాని మీద కాక్టై కట్టారు. గ్రీస్ పరిశోధనా నెట్‌వర్క్ జీఆర్‌నెట్ దగ్గర పెర్ల్ భాషలో రాసిన వెదర్‌మ్యాప్ ఒకటి ముందే ఉంది, ఇప్పుడు అందరూ వాడే పీహెచ్‌పీ వెర్షన్‌ను హోవర్డ్ జోన్స్ రాశారు. చూశారా, మొదలైంది కూడా మీలాంటి క్యాంపస్‌లో, మీలాంటి సమస్యతోనే. ఈ మనుషుల గురించి వార్త ఎప్పుడో గానీ రాదు. లోపం బయటపడిన రోజున టూల్ పేరు శీర్షికలో ఉంటుంది. ఇరవై ఏళ్లు ఉచితంగా పనిచేసిపెట్టిన రోజులకు శీర్షిక ఉండదు. అందుకు నాకు నిజంగా బాధగా ఉంటుంది. డబ్బు ఇచ్చి కొన్న పెద్ద సాఫ్ట్‌వేర్లలోనూ ఇలాంటి లోపాలు బయటపడుతూనే ఉన్నాయి. ఓపెన్ సోర్స్‌లో కనీసం ఏ లైన్ మారిందో తెరిచి చూడొచ్చు.

బొమ్మకు వార్తలు ఎంతగా పడిపోతాయో చెప్పడానికి ఇంకొక్క ఉదాహరణ. అమెరికాలో నార్స్ అనే కంపెనీ ఉండేది. ఓపెన్ సోర్స్ కాదు, కానీ వాళ్ల సైబర్ దాడుల లైవ్ మ్యాప్‌ను మీరూ చూసే ఉంటారు. నల్లటి ప్రపంచ పటం మీద దేశం నుంచి దేశానికి రంగు గీతలు దూసుకుపోతుంటాయి. ఎన్నో వార్తా సంస్థలు దాన్ని తెర మీద వేసుకున్నాయి. ఆ గీతలు ప్రపంచంలో జరిగే దాడులన్నీ కాదు, ఆ కంపెనీ పెట్టుకున్న సెన్సార్లను ఎవరు తట్టారన్నదే. 2016 మొదట్లో ఆ కంపెనీ కుప్పకూలింది. ప్రిన్సిపాల్ గారు అలాంటి మ్యాప్ కావాలని అడిగితే, అది చూడడానికి బాగుంటుంది గానీ హాస్టల్ సమస్యకు పనికిరాదని మర్యాదగా చెప్పండి.

ఇక మీరు రాసివ్వాల్సిన నోట్. అందులో టూల్ మంచిదా చెడ్డదా అని రాయకండి. ఎలా పెడతారో రాయండి. సర్వర్ మేనేజ్‌మెంట్ వీల్యాన్‌లో (పరికరాల నిర్వహణకు విడిగా పెట్టిన నెట్‌వర్క్) ఉంటుంది, దానికి పబ్లిక్ ఐపీ ఉండదు, ఇంటి నుంచి చూడాలంటే వీపీఎన్ గుండానే. మ్యాప్ గీయడం అయ్యాక ఎడిటర్ పేజీని వెబ్ సర్వర్ స్థాయిలోనే మూసేస్తాం. వెబ్ సర్వర్ రూట్ (అన్ని హక్కులూ ఉన్న) యూజర్‌గా నడవదు. స్విచ్‌లలో "పబ్లిక్" అన్న కమ్యూనిటీ స్ట్రింగ్ (ఎస్ఎన్ఎంపీకి పాస్‌వర్డ్‌లాంటి మాట) తీసేసి, వీలైన చోటల్లా ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 3, లేని చోట 2సీతో చదివే హక్కు మాత్రమే, అదీ ఈ ఒక్క సర్వర్ ఐపీకే. రిలీజ్ మెయిళ్లు ఇద్దరికి వస్తాయి, మీకూ ఇంకొకరికీ. మీరు సెలవులో ఉన్న వారమే ప్యాచ్ రావచ్చు కదా. అవతలి మనిషి పేరు కూడా నోట్‌లో రాయండి. ఎవరిది బాధ్యతో కాగితం మీద ఉంటే ప్రిన్సిపాల్ గారికి టెన్షన్ తగ్గుతుంది, సంతకం తొందరగా పడుతుంది.

హాల్లో పెద్ద టీవీ మీద మ్యాప్ పెట్టాలని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. పెట్టొచ్చు, కానీ కాక్టై లాగిన్‌ను ఆ టీవీకి ఇవ్వకండి. వెదర్‌మ్యాప్ చివరికి ఒక మామూలు బొమ్మ ఫైల్ తయారుచేస్తుంది. ఆ ఫైల్‌ను వేరే చిన్న వెబ్ సర్వర్‌కు కాపీ చేసి అక్కడి నుంచి చూపించండి. ఆ బొమ్మ మీద స్విచ్‌ల ఐపీలు, మోడల్ నంబర్లు రాయకండి. "లైబ్రరీ", "బాయ్స్ హాస్టల్" చాలు. ఎవరో ఫొటో తీసి గ్రూపులో పెడతారని ముందే అనుకోవాలి.

హాస్టల్ విషయానికొస్తే, మ్యాప్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మ్యాప్ తీగల సంగతి చెబుతుంది. హాస్టల్ బాధ సగం పైన వైఫైలో ఉండొచ్చు. ఒక యాక్సెస్ పాయింట్ మీద అరవై ఫోన్లు వేలాడుతుంటే గాలిలోనే ట్రాఫిక్ జామ్. వెనక ఉన్న స్విచ్ పోర్ట్ మాత్రం 30 ఎంబీపీఎస్ చూపిస్తూ నింపాదిగా ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే ఆలస్యం కొలవాలి. స్మోక్‌పింగ్ అని ఇంకో ఓపెన్ సోర్స్ టూల్ ఉంది, అదీ ఓటికర్ రాసిందే. ప్రతిసారీ వరసగా చాలా పింగ్‌లు పంపి, అవి ఎంత చెదిరి వచ్చాయో పొగలా చూపిస్తుంది. హాస్టల్ వైఫైలో ఒక చిన్న కంప్యూటర్ పెట్టి దాన్నుంచి రెండు చోట్లకు పింగ్ పెట్టండి, మీ కోర్ స్విచ్‌కు ఒకటి, ప్రొవైడర్ గేట్‌వేకు ఒకటి. సాయంత్రం మొదటిదే చెదిరిపోతే సమస్య వైఫైలో ఉంది, ఎంత బ్యాండ్‌విడ్త్ కొన్నా ప్రయోజనం లేదు. మొదటిది స్థిరంగా ఉండి రెండోది మాత్రమే చెదిరితే అప్‌లింక్ నిండుతోంది. రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూపిస్తే ప్రిన్సిపాల్ గారికి నెట్‌వర్క్ తెలియకపోయినా అర్థమవుతుంది.

అన్నీ పెట్టాక, ఎవరికీ చూపించకముందు ఒక పరీక్ష చేయండి. హాస్టల్ స్విచ్ దగ్గర ఒక కంప్యూటర్, కోర్ స్విచ్ దగ్గర ఇంకొకటి పెట్టి, ఐపర్ఫ్3 అనే వేగం కొలిచే టూల్‌తో రాత్రిపూట 400 ఎంబీపీఎస్ చొప్పున ఇరవై నిమిషాలు పంపండి. గ్రాఫ్‌లో 400, హెడర్లు కలుపుకుని కాస్త ఎక్కువ కనిపించాలి. 56 పక్కన ఏదైనా కనిపిస్తే 32 బిట్ల కౌంటర్ అని తేలిపోయినట్టే, 400లోంచి మూడు చుట్లు పోతే మిగిలేది అంతే. మ్యాప్ మీద గీత లేత నీలానికో, పచ్చకో మారాలి. ఎరుపు వస్తే సామర్థ్యం లైన్ రాయలేదన్నమాట. ఫలితం, స్విచ్ మోడల్, కాక్టై వెర్షన్ ఈ మూడూ ఇక్కడ రాయండి. తేడా వస్తే ఏ టెంప్లేట్ మార్చాలో చెబుతాను.